స్పోర్ట్సు కారు సీటు: పట్టు, సుఖం, మార్పిడి

స్పోర్ట్సు కారు అనగానే ఇంజనుది ఎన్ని గుర్రాల శక్తి, గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుంది అని అడుగుతాం గాని, అందులో కూర్చున్నవాడి నడుము సంగతేమిటని అడిగేవాడు కనపడడు. కారు కొని ఆరునెలలు తిరిగిన యజమానిని కదిపి చూడండి, ఆయన ఇంజను మాట ఎత్తడు, సీటు గురించే చెబుతాడు. నడిపేవాడి ఒంటికి ఎప్పుడూ తగులుతూ ఉండేవి మూడే గదా: స్టీరింగు, పెడళ్ళు, సీటు. మొదటి రెండింటికీ చేతులూ కాళ్ళూ ఆనితే చాలు. ఒంటి బరువంతా మోసేది మూడోది.

మామూలు కారు సీటుకూ దీనికీ తేడా ఎక్కడొచ్చిందంటే మలుపు దగ్గర. మంచి టైర్లున్న స్పోర్ట్సు కారు మలుపు తిరిగేటప్పుడు దాదాపు ఒక ‘జి’ దాకా పక్కతోపు పుడుతుంది. అంటే 60 కిలోల మనిషిని సుమారు 60 కిలోల బలం పక్కకు నెడుతుందన్నమాట. సోఫాలాంటి సీటులో అయితే అతడు స్టీరింగు పట్టుకు వేలాడాలి, మోకాలు తలుపుకు తన్నిపెట్టి కూచోవాలి. వేలాడే చేతులతో కారు నడపడం కుదిరే పనేనా? అందుకే పక్కటెముకల దగ్గరా, తొడల దగ్గరా సీటు అంచుల్ని పొలం గట్లలాగా ఎత్తుతారు. మనిషిని పట్టేది ఈ గట్లే. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ అడ్డం తగిలి మొట్టమొదట చిరిగేవీ ఈ గట్లే.

ఇలాంటి సీట్లకు పేరుమోసిన రెకారో కథ కాస్త చెప్పుకోవాలి. 1906లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో విల్హెల్మ్ రాయ్టర్ అనే ఆయన బండ్లకు బాడీలు కట్టే కార్ఖానా పెట్టాడు. తర్వాతి కాలంలో పోర్షే 356 కారుకు బాడీలు కట్టింది ఆ కార్ఖానాయే. 1963లో బాడీల పని పోర్షే కంపెనీ కొనేసుకుంటే, మిగిలినవాళ్ళు సీట్లు చేసుకు బతకాలని నిర్ణయించుకున్నారు. రాయ్టర్, కరోసరీ అనే రెండు మాటల్లోంచి మొదటి అక్షరాలు ఏరి ‘రెకారో’ అని పేరు పెట్టుకున్నారు. 1965లో, కారు యజమాని విడిగా కొని బిగించుకునే స్పోర్ట్సు సీటును ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించారు. కంపెనీ ఇచ్చిన సీటు నచ్చకపోతే వేరేది వేసుకోవచ్చుననే ఆలోచన అలా వ్యాపారమైంది. 1977లో ఇటలీలోని టురిన్‌లో స్పార్కో పుట్టింది. ఇంత చరిత్ర ఉన్న రెకారో వారి కార్ల సీట్ల విభాగం 2024లో దివాలా పిటిషను పెట్టుకుంది. సీట్లు సుఖంగా ఉన్నంత మాత్రాన వ్యాపారం సుఖంగా ఉండాలని లేదు!

ఇక నడుము సంగతి. స్వీడను వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ 1960ల నుంచి మనుషుల వెన్నెముక డిస్కులోకి సూదిపంపి అక్కడి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే, ఆనుకోకుండా కూర్చుంటే ఒత్తిడి పెరుగుతుందని చెప్పాడు. 1999లో జర్మనీలో మళ్ళీ కొలిస్తే ఆ తేడా అంతగా కనపడలేదు. కాని ఒక్క విషయంలో రెండు కొలతలూ ఏకీభవించాయి: వీపు వెనక్కి వాల్చి ఆనుకుంటే ఒత్తిడి తగ్గుతుంది. నడుము దగ్గర సహజంగా ఉండే లోపలి వంపును సీటు నింపాలి. నింపకపోతే మనిషి ముందుకు జారి, వెన్ను విల్లులా వంగుతుంది. గంట తర్వాత నొప్పి అక్కడే మొదలవుతుంది.

మెత్తగా ఉంటే సుఖమని చాలామంది భ్రమ. నిజానికి నిలువు కుదుపుల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగేవి మన వెన్నుకు బొత్తిగా పడవు. దళసరి ఫోము మీద కూర్చున్న మనిషి దాదాపు ఆ దగ్గరి వేగంతోనే, సెకనుకు 4 సార్ల చొప్పున, ఊగుతాడు. అంటే అలాంటి కుదుపును ఫోము తగ్గించకపోగా పెంచుతుందన్నమాట. స్పోర్ట్సు కారు స్ప్రింగులు ఎటూ గట్టివే. కనుక దూరప్రయాణంలో పలచటి గట్టి సీటే నయమనిపించడంలో వింతేమీ లేదు. అలాగని ఉత్త ఫైబరు గుల్లలో కూర్చుంటే పిర్రల ఎముకల కింద బరువంతా రెండుచోట్ల పోగై, అరగంటకే ఎటు కదలాలో తోచదు. సీటు ముందంచు ఎత్తుగా ఉంటే తొడల కింద నొక్కి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మెత్తదనం కంటే ఆకారం ముఖ్యం సుమా.

దీనికి మంచి ఉదాహరణ మాజ్దా వారి మియాటా. 1989లో వచ్చిన ఈ రెండు సీట్ల చిన్నకారు బరువు 1000 కిలోల లోపే. ధర తక్కువ, నడపడం సరదా. తంటా అంతా పొడుగువాళ్ళకు: తల టాపుకు తగులుతుంది, మోకాళ్ళు స్టీరింగుకు తగులుతాయి. అమెరికాలో ఆ కారు యజమానులు కనిపెట్టిన చిట్కా ఏమిటంటే, సీటు విప్పి, తొడుగును పట్టి ఉంచే తీగ రింగులు కత్తిరించి, కింది ఫోమును రొట్టెలు కోసే కత్తితో కొంత చెక్కేయడం. అంగుళమో, అంగుళంన్నరో కలిసివస్తుంది. ఖర్చు దాదాపు సున్న. ఒకేసారి ఎక్కువ చెక్కితే అడుగునున్న ఇనుము తగులుతుంది గనుక కొంచెం కొంచెంగా తీసి, కూర్చుని చూసి, మళ్ళీ తీయాలి. ఇంకొందరు లోటస్ ఎలీజ్ కారు సీట్లు తెచ్చి వేసుకున్నారు. అవి పలచన, ఇరుకు. సన్నటివాళ్ళకు స్వర్గం, కాస్త ఒళ్ళున్నవాళ్ళకు గట్లు తుంటిని నొక్కుతాయి. నన్నడిగితే, కొత్త సీటు కొనేముందు ఈ ఫోము పని, వీపు వాలు సర్దడం, నడుము కింద చుట్టిన తువ్వాలు పెట్టి చూడటం, మూడూ అయ్యాక గాని డబ్బు తీయకూడదు. తువ్వాలుతో నొప్పి తగ్గిందంటే లోపం సీటు మొత్తానిది కాదు, ఆ ఒక్క వంపుది.

అయినా మార్చాలనుకుంటే అసలు చిక్కులు సీటులో ఉండవు, దాని కింద ఉంటాయి. సీటు కొన్నంత మాత్రాన కారులో కూచోదు. ఆ కారుకు సరిపోయే పట్టాలు, బ్రాకెట్లు వేరే కొనాలి. వాటి దళసరి వల్ల సీటు ఎత్తు పెరిగి, తల మళ్ళీ టాపుకు చేరుతుంది. చౌకరకం బ్రాకెట్టు గుద్దుకున్నప్పుడు వంగిపోతే ఖరీదైన సీటు ఎందుకూ పనికిరాదు. చాలా కార్లలో బెల్టు కొక్కెం సీటుకే బిగించి ఉంటుంది. దాన్నెక్కడ బిగించాలో ముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటే పెద్దది ఎయిర్ బ్యాగ్. 1994లో వోల్వో 850తో మొదలుపెట్టి, పక్కనుంచి గుద్దినప్పుడు కాపాడే సంచిని చాలామంది సీటు వీపులోనే పెడుతున్నారు. సీటు తీసేస్తే ఆ రక్షణా పోతుంది. డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ ప్లగ్గులో చిన్న రెసిస్టరు గుచ్చి దీపం ఆర్పేసేవాళ్ళున్నారు. దీపం ఆరిపోతుంది, సంచి మాత్రం తిరిగి రాదు. కారు మరొకరికి అమ్మితే ఆ కొన్నవాడికి ఈ సంగతి ఎవరు చెబుతారు? మన ఊళ్ళలో సీటుకు గట్టి రెగ్జిను కవరు తొడిగించుకునేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది. సీటు పక్కన సంచి ఉన్న కారుకు, అక్కడ తేలిగ్గా తెగేలా కుట్టిన కవరు కాకపోతే సంచి సరిగా తెరుచుకోదు.

పందెపు కార్ల వాలని సీటు, దాంతోపాటు భుజాల మీదుగా వచ్చే నాలుగైదు పట్టీల బెల్టు చూసి ముచ్చటపడేవాళ్ళు చాలామంది. పందెపు కారులో చుట్టూ ఇనుప పంజరం ఉంటుంది. అది లేని కారు పల్లటీలు కొట్టి టాపు నొక్కుకుపోతే, మామూలు బెల్టువాడు పక్కకు వంగే వీలుంటుంది. పట్టీలు బిగించుకున్నవాడు నిటారుగా ఇరుక్కుపోతాడు. పైగా ఎఫ్.ఐ.ఏ. వారి 8855-1999 ప్రమాణం ప్రకారం చేసిన సీటును పందేల్లో వాడేందుకు గడువు ఐదేళ్ళే. సగం ధరకు దొరికిందని సంబరపడేముందు వెనకనున్న చీటీ మీది సంవత్సరం చూసుకోవాలి.

దుకాణానికి వెళ్ళినప్పుడు రెండు నిమిషాలు కూర్చుని లేవకండి. వెనకజేబులో పర్సు తీసేసి, కాళ్ళు పెడళ్ళ మీద ఉన్నట్టు చాపి, కనీసం అరగంట కూచోండి. దుకాణదారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. కొత్తది బిగించాక పాత సీట్లను పారేయక గుడ్డకప్పి అటక మీద పెట్టండి. కారు అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది వాటినే.