ఫార్మాట్‌కు తొందర వద్దు.. ముందు ఫైళ్లు భద్రం!

వేంపల్లె: ప్రాజెక్టు నివేదిక సమర్పించాల్సిన రోజే కంప్యూటర్‌ మొరాయిస్తే విద్యార్థికి దిక్కు తోచదు. వేంపల్లె మండలం ఇడుపులపాయలో 2008లో ట్రిపుల్‌ ఐటీ ఏర్పాటైంది. ల్యాప్‌టాప్‌ ఆధారంగా బోధన సాగించడం మొదటినుంచీ ఈ విద్యాసంస్థ ప్రత్యేకత. ఇలాంటి చోట యంత్రం ఆగితే చదువే ఆగినట్లు. ఆ కంగారులో చాలామంది వెంటనే ఫార్మాట్‌కు సిద్ధపడతారు. లోపం విద్యుత్తులోనో, దుమ్ములోనో ఉంటే దానివల్ల ప్రయోజనం శూన్యం. పైగా దాచుకున్న ఫైళ్లు తుడిచిపెట్టుకుపోతాయి.

విద్యుత్తుతోనే మొదలు

కంప్యూటర్‌ అసలు ఆన్‌ కాకుంటే ముందుగా ప్లగ్గు, తీగ, స్విచ్‌బోర్డు పరిశీలించాలి. అదే ప్లగ్గుకు మరో పరికరం తగిలించి చూస్తే లోపం ఎక్కడుందో తేలిపోతుంది. ఓల్టేజీ హెచ్చుతగ్గులున్న చోట ఎర్తింగ్‌, యూపీఎస్‌ తప్పనిసరి. ఆన్‌ చేసిన ప్రతిసారీ తేదీ, సమయం మారిపోతుంటే మదర్‌బోర్డుపై ఉండే 3 ఓల్టుల చిన్న బ్యాటరీ అయిపోయిందని అనుమానించాలి.

ఎండ, దుమ్ముతో చేటు

వేసవిలో కడప జిల్లాలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్‌కు దుమ్ము పట్టి గాలి ఆడకపోతే ప్రాసెసర్‌ వేడెక్కి వేగం తగ్గుతుంది. వేడి మితిమీరితే యంత్రం దానంతటదే ఆగిపోతుంది. ల్యాప్‌టాప్‌ను పరుపుపై ఉంచి వాడరాదు.

శబ్దాలను గమనించాలి

డెస్క్‌టాప్‌ ఆన్‌ చేయగానే పదేపదే బీప్‌ శబ్దం వస్తూ తెర వెలగకుంటే ర్యామ్‌ కదిలి ఉండవచ్చు. ప్లగ్గు తీసేసి, ర్యామ్‌ను బయటకు తీసి, శుభ్రపరిచి తిరిగి బిగిస్తే తరచూ సరిపోతుంది. హార్డ్‌డిస్కు నుంచి టకటకమనే శబ్దం వస్తే మాత్రం వెంటనే ఆపేయాలి. మళ్లీ మళ్లీ ఆన్‌ చేస్తే సమాచారం తిరిగి దక్కే అవకాశం సన్నగిల్లుతుంది.

సాఫ్ట్‌వేర్‌ లోపమైతే..

షిఫ్ట్‌ మీట నొక్కి ఉంచి రీస్టార్ట్‌ ఎంచుకుంటే వచ్చే తెరలో సేఫ్‌ మోడ్‌కు దారి ఉంటుంది. అందులో సవ్యంగా పనిచేస్తే కొత్తగా చేర్చిన ప్రోగ్రామో, డ్రైవరో, వైరస్సో కారణమై ఉండవచ్చు. విండోస్‌ 10కు సాధారణ భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంకా దానినే వాడేవారు మరింత జాగ్రత్త వహించాలి.

ఫార్మాట్‌ చివరి మార్గమే

విండోస్‌ తెరుచుకోకపోయినా, డిస్కు బాగుంటే లైనక్స్‌ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని నడిపి ఫైళ్లను బయటకు తీయవచ్చు. బిట్‌లాకర్‌ రక్షణ ఉంటే రికవరీ కీ కావాలి. దానిని ముందే రాసి పెట్టుకోవాలి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు 'ఫైళ్లు తీయకుండా ఫార్మాట్‌ చేయవద్దు' అని స్పష్టంగా చెప్పాలి. పాడైన భాగాన్ని బజారులో కొనవచ్చు. పోయిన ప్రాజెక్టు నివేదికను మాత్రం మళ్లీ రాసుకోవాల్సిందే.