పట్నం పనికి లోకల్ రైలు

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి సుమారు 83 కిలోమీటర్లు. ఈ ఊరు 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది. ఇక్కడి నుంచి చెన్నైకి లోకల్ రైళ్లు నడుస్తాయి. తడ, ఆరంబాకం వంటి చిన్న స్టేషన్లలోనూ ఆగుతాయి. పొద్దున పోయి, పని చూసుకొని, రాత్రికి ఇల్లు చేరవచ్చు.

లోకల్ రైలు ఎలా నడుస్తుంది?

దీనికి విడిగా ఇంజను ఉండదు. కొన్ని పెట్టెల కిందనే కరెంటు మోటార్లు ఉంటాయి. రెండు చివర్లా డ్రైవరు గది ఉంటుంది. అందుకే బండిని తిప్పే పని లేదు. డ్రైవరు ఈ చివరి నుంచి ఆ చివరికి పోతే చాలు. బండి తొందరగా వేగం అందుకుంటుంది. తొందరగా ఆగుతుంది.

మన దేశంలో మొదటి కరెంటు రైలు 1925లో బొంబాయిలో నడిచింది. మద్రాసులో 1931లో బీచ్, తాంబరం నడుమ మొదలైంది. హైదరాబాదుకు 2003 ఆగస్టు 9న ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చాయి. ఆ ఖర్చును రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం చెరిసగం పెట్టుకున్నాయి.

చిక్కు ఎక్కడ?

హైదరాబాదులో ఉన్న పట్టాలనే బాగుచేసి వాడుకున్నారు. ఖర్చు తగ్గింది. కానీ అవే పట్టాలమీద ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు పోవాలి. వాటికి దారి ఇచ్చి లోకల్ ఆగిపోతుంది. ఒక్క కాలువ నీళ్లు పది చేలకు పారాలంటే చివరి చేను ఎదురు చూడాల్సిందే కదా! కూలికి పోయే మనిషికి అరగంట ఆలస్యమైతే పూట కూలి పోయినట్టే. అందుకే లోకల్ రైళ్లకు వేరే పట్టాలు కావాలి. చెన్నైలో చాలా దూరం అలా ఉన్నాయి.

పట్టాలు ఒక్కటే చాలవు. ఊళ్ల నుంచి స్టేషనుకు బస్సు ఉండాలి. దీపాలు, తాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి. ఇవి లేకపోతే చీకటి పడ్డాక ఆడవాళ్లు రైలెక్కడానికి భయపడతారు. చేతికొచ్చిన పని వదులుకుంటారు.

మనం తెలుసుకోవాల్సినవి

రైళ్లలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా చోటు ఉంచాలని 1989 రైల్వే చట్టం చెబుతోంది. ఆ పెట్టెలో మగవాళ్లు ఎక్కితే జరిమానా. రైల్లో ఆపద వస్తే 139కి ఫోను చేయాలి. రోజూ పోయేవాళ్లకు నెల సీజను టికెట్టు ఉంది. రోజూ టికెట్టు కొనేదానికన్నా ఇది చాలా చవక. రిజర్వేషను పెట్టెల్లో మాత్రం చెల్లదు.

మీ స్టేషనులో దీపం వెలగడం లేదా? కుళాయిలో నీళ్లు రావడం లేదా? నలుగురూ కలిసి స్టేషను మాస్టరుకు అర్జీ రాయండి. కింద ఎవరి సంతకం వాళ్లు చేయండి. ఇప్పుడు వేలిముద్రతో పనిలేదు.