చుట్టిల్లు చెప్పు పాఠము

ఎస్. రాయవరం మండలమునకు రేవు పోలవరం వద్ద సముద్రము ఆనుకొని యున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరము దాటినది. ఇట్టి గాలులు మరల రాక మానవు. కావున కొత్త ఇల్లు తలపెట్టువారు ముందుగా మన పెద్దల చుట్టిల్లును పరిశీలించవలెను.

చుట్టిల్లు గోడ గుండ్రము. గాలి దానికి ఎదురుగా తగలక ఇరుప్రక్కలకు చీలిపోవును. చూరు బాగా క్రిందికి దిగుటచే గాలి లోపల దూరి కప్పును లేపుట కష్టము. మట్టిగోడ వానకు తడియదు. మందమైన గోడ ఎండవేడిని ఆపును. తాటాకు, మట్టి ఊరిలోనివే. అయితే వెలుతురు తక్కువ, నిప్పు భయము ఎక్కువ.

అందుచే మంచిని నిలుపుకొని లోపమును సవరించుకొనవలెను:

1. ఇల్లు మెరకపై కట్టవలెను. ఎదురెదురుగా కిటికీలుంచవలెను.

2. పెంకుటిల్లయినచో కప్పును నాలుగు వైపులకు వాల్చవలెను. గాలికి రెండు వాలుల కప్పుకంటె ఇది మేలు.

3. వాసములను దూలములకు, దూలములను గోడకు ఇనుప పట్టీలతో బిగించవలెను. వసారా కప్పు వేరుగా ఉండవలెను. అది ఎగిరినను ఇంటికప్పు నిలుచును.

4. పడమట వేప నాటిన సాయంకాలపు ఎండ తగ్గును. చెట్టు కూలినను ఇంటిపై పడనంత దూరముండవలెను. సముద్రము వైపు సరుగుడు వరుస గాలి జోరును తగ్గించును.

5. నూరు చదరపు మీటర్ల కప్పుపై ఒక సెంటీమీటరు వాన కురిసిన 1,000 లీటర్ల నీరగును. దానిని తొట్టికో, ఇంకుడు గుంతకో మళ్ళించవలెను.

గ్రామాధికారులు ఇంటిస్థలములు చూపునపుడే వాగుదారిని, పల్లమును విడువవలెను. ఇనుప పట్టీల ఖర్చు కొద్దిది. ఎగిరిన కప్పు క్రింద పోవునది ఏడాది గింజలు, విత్తనము, ఒక్కొక్కప్పుడు ప్రాణము.