సెల్‌ఫోన్ అంగడికి ఎక్కని చిలకలపూడి నగ

మచిలీపట్నం: రోల్డుగోల్డు అనగానే తెలుగునాట గుర్తుకువచ్చే పేరు చిలకలపూడి. రాగి, ఇత్తడితో నగ చేసి పలుచని బంగారు పూత వేసే ఈ పని పట్టణంలో ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. డబ్బు పుచ్చుకోవడానికి అలవాటైన ఫోన్, సరుకు అమ్మడానికి మాత్రం వీరికి అంత తేలికగా అక్కరకు రావడం లేదు.

చదువు లేకపోవడమే కారణమని తేల్చివేయడం తొందరపాటు. చిక్కు పని తీరులోనే ఉంది. ఒకరు అచ్చు కొడితే మరొకరు అతుకుతారు, ఇంకొకరు రాళ్లు పొదుగుతారు, పూత వేరొకచోట పడుతుంది. సరుకు డజన్ల లెక్కన టోకు వ్యాపారికి చేరుతుంది. ఆయన వద్ద బాకీ ఉన్నవారు ఆయనను కాదని అమ్మలేరు. యాప్‌లోనైతే ఒక్కొక్క నగకూ ఫొటో, కొలత, ధర పెట్టాలి. కొత్త నమూనా ఫొటో బయటపడితే, ఇతరులు దానిని అచ్చు దించడానికి ఎంతోకాలం పట్టదు. పూత నగ చెమటకు, సెంటుకు రంగు మారుతుంది. కొన్నవారు నాలుగు రోజులు ధరించి తిప్పి పంపితే మళ్లీ పూత వేయించవలసిందే. చవక నగకు ఆ ఖర్చే లాభాన్ని మింగివేస్తుంది.

హైదరాబాద్‌కు అమ్మితే వేరే లెక్క

అన్నిటికంటే పెద్ద అడ్డంకి పన్ను నిబంధన. రాష్ట్రంలో ఏడాదికి రూ.40 లక్షల లోపు సరుకు అమ్మేవారికి సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. యాప్‌లలో అమ్మేవారికి ఈ వెసులుబాటు 2023 అక్టోబరు 1న గానీ రాలేదు. అదీ సొంత రాష్ట్రంలోని అమ్మకాలకే. జీఎస్టీ పోర్టల్‌లో పాన్‌తో పేరు నమోదు చేసుకుంటే గుంటూరుకు గాజుల జత పంపవచ్చు. అదే జత యాప్ ద్వారా హైదరాబాద్‌కు పంపాలంటే పూర్తి రిజిస్ట్రేషన్ తప్పదు. 2014లో రాష్ట్రం విడిపోయాక అది అంతర్రాష్ట్ర వ్యాపారమే మరి!

రిజిస్ట్రేషన్ తీసుకుంటే నగపై 3 శాతం పన్ను, క్రమం తప్పని రిటర్నులు, వాటికి అకౌంటెంటు రుసుము. అద్దె ఇంట్లో పని చేసుకునేవారు యజమాని అంగీకారపత్రమూ తేవాలి. పన్ను పేరు చెబితేనే సంతకానికి వెనుకాడే యజమానులుంటారు. దీనికితోడు యాప్ సంస్థ అమ్మకం సొమ్ములో 0.5 శాతం ముందుగానే మినహాయిస్తుంది. 2024 జులై 10కి ముందు ఇది 1 శాతం. ఆ మొత్తం తరువాత ఖాతాలో జమ అయినా, రోజువారీ పెట్టుబడితో నడిచేవారికి అంతవరకు చేతిలో అంత సొమ్ము తక్కువే.

అందుకే తెలిసిన దుకాణదారుకు వాట్సాప్‌లో ఫొటో పంపి, సొమ్ము ఖాతాలో పడ్డాక పార్శిల్ వేయడమే చిన్న తయారీదారుకు సులువుగా కనిపిస్తోంది.