పార్లమెంటుకు దాచలేనిది పౌరునికి దాచవచ్చునా?

పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో ఏళ్ళ తరబడి కూర్చునేవారికి ఒక దురలవాటు అబ్బుతుంది. సభలో గొడవ ఎక్కడ ఉంటే వార్త అక్కడే ఉన్నదని భ్రమపడతాము. 2023 ఆగస్టు 9న రాజ్యసభ డిజిటల్ పర్సనల్ డేటా రక్షణ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించిన నాడు నేనూ ఆ భ్రమలోనే ఉన్నాను. పాత భవనంలో పూర్తిగా జరిగిన చివరి సమావేశాలవి. అందరి దృష్టి మణిపూర్ మీద ఉన్నది. ఆ బిల్లు చివరన ఉన్న 44వ సెక్షన్‌ను నేను శ్రద్ధగా చదివింది ఇంటికి చేరిన తరువాతనే. ఆ లోపం నాది.

ఆ సెక్షన్‌లోని మూడవ ఉపసెక్షన్ మరొక చట్టాన్ని, అనగా 2005 నాటి సమాచార హక్కు చట్టాన్ని, సవరించింది. అంతకు పూర్వం వ్యక్తిగత సమాచారాన్ని నిరాకరించాలంటే, దానికి ప్రజాకార్యాలతో సంబంధం లేదనో, అది బయటపడితే ఒకరి ఆంతరంగిక జీవితానికి అకారణంగా భంగం కలుగుతుందనో అధికారి చూపవలసి వచ్చేది. ఆ నిబంధన కింద మరొక వాక్యం ఉండేది: పార్లమెంటుకు గాని, రాష్ట్ర శాసనసభకు గాని నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించరాదు. సవరణ ఈ షరతులనూ, ఆ వాక్యాన్నీ తొలగించింది. సమాచారం వ్యక్తిగతమైతే చాలు, నిరాకరించవచ్చును. 2025 నవంబరులో ఇది అమలులోకి వచ్చింది.

ఒక్క వాక్యం పోతే కొంప మునిగిందా అని అడిగేవారున్నారు. వారికి సమాధానం రాజస్థాన్ గ్రామాలలో దొరుకుతుంది.

1975లో ఐ.ఎ.ఎస్. ఉద్యోగాన్ని వదలుకొన్న అరుణా రాయ్, ఆమెతోపాటు నిఖిల్ డే, శంకర్ సింగ్ 1987లో దేవ్‌డుంగ్రీ అనే పల్లెలో గుడిసెలో కాపురం పెట్టారు. 1990 మే 1న అక్కడి కూలీలతో కలిసి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్‌ను స్థాపించారు. ప్రభుత్వ పనులలో కూలీలకు కనీస వేతనం అందేది కాదు. అడిగితే, మీరు చేసిన పని అంతేనని కాగితాలు చెబుతున్నాయనేవారు. ఆ కాగితాలు చూపమంటే అవి రహస్యమనేవారు. కూలి గొడవ కాగితం గొడవగా మారిన వైనం ఇదే. 1994 డిసెంబరు 2న పాలీ జిల్లా కోట్ కిరానాలో మొదటి ప్రజా విచారణ జరిగింది. మస్టరులోని పేర్లను ఊరందరి ఎదుట చదివారు. పనిలోకే రానివారి పేర్లు అందులో ఉన్నాయి. 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేశారు. ‘హమారా పైసా, హమారా హిసాబ్’ అన్న నినాదం ఢిల్లీ దాకా వినిపించింది. ఆ ఒత్తిడే కాలక్రమాన 2005 చట్టానికి దారి తీసింది.

అంతకు ముందే ఢిల్లీ రాష్ట్రానికి తనదైన సమాచార చట్టం 2001లో వచ్చింది. దాని ఆధారంతో పరివర్తన్ అనే సంస్థ 2002 డిసెంబరులో యమున ఆవలి సుందర్ నగరీలో ప్రజా విచారణ జరిపింది. విలేఖరిగా కొత్తలో నేనూ వెళ్ళాను. ఒక్కొక్క కాంట్రాక్టు కాగితం చదువుతుంటే, ఆ వీధిలో ఆ కాలువ ఉన్నదో లేదో ఆ వీధివారే చెప్పారు. పరిశీలించిన 68 పనులలో సుమారు 70 లక్షల రూపాయల విలువైన పని కనిపించలేదని ఆ సంస్థ తేల్చింది. ప్రజాపద్దుల సంఘం ఏళ్ళ తరువాత తేల్చే సంగతిని అక్కడి జనం ఒక్క పగటిలో తేల్చారు.

తెలుగు పాఠకులకు ఇది పరాయి కథ కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభమైంది. ఆనాటి చట్టంలోని 17వ సెక్షన్ పనులపై సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2009లో ఇందుకై ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. కూలీల ఇళ్ళలోని యువతీయువకులే ఇంటింటికీ తిరిగి మస్టర్లను సరిచూసి, మండల కేంద్రంలో బహిరంగంగా చదివారు. తేలిన సొమ్ములో వసూలైనది స్వల్పమే. తప్పు చేసినవారిలో శిక్ష పడినవారు అంతకంటే తక్కువ. అయినా దొంగలెక్క రాసేవాని చేయి వణికింది.

ఈ విచారణలన్నిటికీ ప్రాణం పేరు. ఊరిలో రెండువందల మందికి కూలి ఇచ్చామంటే కాదనగలవారెవ్వరు? ఫలానావానికి పదిరోజుల కూలి ఇచ్చామన్నప్పుడే ఆ ఫలానావాడు లేచి, నాకు అందలేదని చెప్పగలడు. ఇప్పుడు ఆ పేరే వ్యక్తిగత సమాచారమని అధికారి అనవచ్చును.

ప్రభుత్వ వాదనను కూడా న్యాయంగా చెప్పవలె. ఆంతరంగికత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పేదవానికీ ఆ హక్కున్నది. అతని జబ్బు వివరం, బ్యాంకు ఖాతా నెంబరు బజారున పడరాదు. పైగా, ప్రజాప్రయోజనం అధికమైతే సమాచారం ఇవ్వవచ్చునన్న 8వ సెక్షన్ రెండవ ఉపసెక్షన్ చెక్కుచెదరలేదని మంత్రులు అంటున్నారు. నిజమే. కాని ఆ ప్రయోజనాన్ని తూచేది లెక్క చెప్పవలసిన కార్యాలయమే. అడిగినవాడు తన అవసరాన్ని నిరూపించుకోవాలి, దాచినవాడు ఊరకుండవచ్చును. రెండు హక్కుల మధ్య త్రాసు ఉండవలసిన చోట ఒక తలుపు బిగించారు.

ఖజానా నుంచి సొమ్ము ఎవరి పేర వెళ్ళిందో, ఆ పేరు, ఆ మొత్తం, ఆ పని ప్రజల లెక్కలో భాగం. మిగిలిన వివరాలను కాపాడండి. ఇంతమాత్రం చట్టంలో రాయడం కష్టం కాదు. ఇందుకు సవరణ తేవడానికి ఏ సభ్యుడైనా పూనుకొంటే, ఆ రోజు సభలో గొడవ ఉన్నా లేకున్నా నేను గ్యాలరీలో ఉంటాను. ఈసారి చివరి సెక్షన్‌ను ముందుగా చదువుతాను.