నల్లమల నుంచి నింజాల దీవి దాకా... అమృతం వేట!

‘హెల్స్ ప్యారడైజ్’ చదివారా? యూజీ కాకు గీసిన జపాన్ మాంగా. 2018లో మొదలై 2021లో ముగిసింది, 13 సంపుటాలు. మరణశిక్ష పడ్డ నింజా గబిమారుకి ఒకటే ఆఫర్: వింత దీవికెళ్లి షోగన్ కోసం అమృతం తెస్తే క్షమాభిక్ష. కాపలాగా తలారుల వంశపు అమ్మాయి సగిరి కత్తితో వెంటే ఉంటుంది. ఫైట్లయితే అదిరిపోతాయి.

మాది కర్నూలు. చదువుతున్నంతసేపూ నాకు శ్రీశైలమే గుర్తొచ్చింది (ఇప్పుడది నంద్యాల జిల్లా అనుకోండి). చావులేని మందు కోసం మన రససిద్ధులు వెతికిన కొండ అదే మరి! పాదరసాన్ని మూలికలతో శుద్ధిచేసి పుచ్చుకుంటే దేహానికి చావుండదని వాళ్ల నమ్మకం. నిత్యనాథ సిద్ధుడి ‘రసరత్నాకరం’లో శ్రీశైలం చుట్టుపక్కల మహిమల వివరాలున్నాయి, అచ్చం గేమ్ మ్యాప్‌లా. 15వ శతాబ్దంలో గౌరన రాసిన ‘నవనాథ చరిత్ర’లో నరికేసిన కాళ్లూ చేతులూ సారంగధరుడికి తిరిగొస్తాయి. మాంగాకేం తీసిపోదు! ఈసారి గుడికెళ్తే దర్శనం అవ్వగానే బస్సెక్కేయకండి. ప్రాకారం గోడ వెంట నడవండి, రాళ్లమీద సిద్ధులు కనిపిస్తారు.

కడప వైపు కథ వేరు. బ్రహ్మంగారు 1693లో సజీవ సమాధిలోకి వెళ్లారనీ, ఇప్పటికీ లోపలే ఉన్నారనీ భక్తులు నమ్ముతారు. మందూ లేదు, మాయా లేదు.

పాదరసం విషమని ఇప్పుడు మనకు తెలుసు. మాంగాలోనూ మందు ఊరికే రాదు. దీవిలో దాన్ని తీసేది మనుషుల ప్రాణశక్తి పిండి! (స్పాయిలర్, సారీ.) గబిమారుకి మాత్రం అమృతం తాగాలని లేదు. ఇంటికెళ్లి భార్యతో మామూలుగా బతకాలి, అంతే. అందుకే అతని ప్రతి ఫైటూ నన్ను టెన్షన్ పెట్టింది.

యానిమే 2023లో వచ్చింది. నన్నడిగితే మాంగాతోనే మొదలెట్టండి.