కన్వెన్షన్ సెంటర్ సరే... కరెంటు బిల్లు ఎవరు కడతారు?

వరంగల్: నగరానికి భారీ కన్వెన్షన్ సెంటర్ ఉండాలంటే కాదనేవారు అరుదు. హైదరాబాద్‌ను చూసిన కళ్లకు ఓరుగల్లు వంటి ద్వితీయ శ్రేణి నగరంలోనూ అటువంటిది కావాలనిపించడం సహజమే. అయితే దానిని ప్రజాధనంతో నిర్మించవచ్చునా అన్నది వేరే ప్రశ్న. దీనికి సమాధానం భవనం నమూనాలో దొరకదు. ఏడాదిలో ఎన్ని రోజులు దాని తలుపులు తెరుచుకుంటాయన్న లెక్కలో దొరుకుతుంది.

ఫంక్షన్ హాలు పెళ్లిళ్లకు, కళాక్షేత్రం ప్రదర్శనలకు ఉద్దేశించినవి. కన్వెన్షన్ సెంటర్ వీటికి భిన్నమైనది. వేలమంది కూర్చునే సభామందిరం, స్తంభాలు లేని ప్రదర్శనశాల, చిన్న సమావేశ గదులు, భోజనశాల, పార్కింగ్ స్థలం, నడిచి వెళ్లేంత దూరంలో హోటల్ గదులు ఒక్కచోట ఉండాలి. వీటిలో ఏది కొరవడినా బయటి నిర్వాహకులు మరో ఊరు చూసుకుంటారు.

హైదరాబాద్‌లోని హెచ్ఐసీసీ 2006 జనవరిలో ప్రారంభమైంది. అదే ఏడాది మే నెలలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశాలకు వేదికైంది. పక్కనే పెద్ద హోటల్, చుట్టూ ఐటీ సంస్థలు, వెనుక మహానగరం దానికి అండ. ఏపీఐఐసీ, దుబాయ్‌కి చెందిన ఎమ్మార్ సంస్థల భాగస్వామ్యంలో అది రూపుదిద్దుకుంది. అంతటి చోట కూడా ఎమ్మార్ ప్రాజెక్టుల్లో ప్రభుత్వ వాటా తగ్గిన తీరు వివాదమై 2011లో సీబీఐ కేసుకు దారితీసింది. భాగస్వామ్యం పేరు చెబితే చాలు, ప్రజాధనం భద్రమని అనుకోవడానికి వీల్లేదు.

పదేళ్ల అనుభవం

మన అనుభవం మరోలా ఉంది. కాళోజీ శతజయంతి నాడు, 2014 సెప్టెంబరు 9న హన్మకొండలో కాళోజీ కళాక్షేత్రానికి శంకుస్థాపన జరిగింది. ప్రారంభోత్సవం 2024 నవంబరు 19న జరిగింది. ప్రజాకవి పేరిట కట్టిన మందిరానికే పదేళ్లు పడితే, అంతకన్నా పెద్ద కట్టడం అనుకున్న గడువులో పూర్తవుతుందని నమ్మడం కష్టం.

మాటవరసకు రూ.100 కోట్లు అప్పు తెచ్చారనుకుందాం. తొమ్మిది శాతం చొప్పున ఏడాది వడ్డీయే రూ.9 కోట్లు. ఏడాదిలో 120 రోజులు బుకింగులు దొరికినా, ఒక్కో రోజుకు వడ్డీ కోసమే రూ.7.5 లక్షలు రావాలి. ఏసీల కరెంటు ఖర్చు, లిఫ్టుల మరమ్మతు, కాపలా, పారిశుద్ధ్య సిబ్బంది జీతాలు దీనికి అదనం. హాలు ఖాళీగా ఉన్నా ఈ ఖర్చు పూర్తిగా ఆగదు. అసలు తీర్చే మాట ఇంకా మొదలే కాలేదు!

ఆదాయం విషయంలో ఒక మెలిక ఉంది. బయటి ఊరి అతిథి వచ్చి రెండు రాత్రులు బస చేస్తేనే నగరానికి కొత్త డబ్బు వస్తుంది. స్థానిక పెళ్లి ప్రైవేటు ఫంక్షన్ హాలు నుంచి సర్కారు హాలుకు మారితే ఒకరి రాబడి మరొకరికి చేరడమే. అమెరికాలో ఆచార్యుడు హేవుడ్ శాండర్స్ 2005లో వెలువరించిన అధ్యయనం ఇదే హెచ్చరిక చేసింది. నగరాలు పోటీపడి ప్రదర్శనశాలలను విస్తరించుకుంటూ పోతే, వచ్చే ప్రతినిధుల సంఖ్య ఆ మేరకు పెరగలేదని తేల్చింది.

మరి పెద్ద సభలు ఎలా? విశాఖపట్నంలో 2023 మార్చి నాటి పెట్టుబడుల సదస్సు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కళాశాల మైదానంలో, తాత్కాలిక నిర్మాణాల్లో జరిగింది. ఏటా ఒకటి రెండు సభలకు అది చాలు.

వరంగల్‌కు అసలు బలం వేరే ఉంది. ఎన్ఐటీ, కాకతీయ వైద్య కళాశాల, కాకతీయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి. రామప్ప ఆలయానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడికి రాగలిగినవి ప్రధానంగా కొన్ని వందలమంది పాల్గొనే వైద్య, సాంకేతిక సదస్సులు. వాటికి మధ్యస్థాయి హాలు, మంచి హోటల్ గదులు, రామప్పకు వెళ్లివచ్చే బస్సు ముఖ్యం. మామునూరు విమానాశ్రయానికి కేంద్రం 2025 ఫిబ్రవరిలో అనుమతి ఇచ్చింది. విమానాల రాకపోకలు స్థిరపడిన తరువాత లెక్క మారవచ్చు. అప్పటిదాకా ఉన్న మందిరాలను తీర్చిదిద్దుకోవడమే మేలు.

2020 ఆగస్టులో, 2023 జూలైలో నగర కాలనీలు వరదనీటిలో మునిగాయి. నాలాల పనులకు, సభామందిరం లోటు పూడ్చడానికి డబ్బు వెళ్లవలసింది ఒకే ఖజానా నుంచి. అందువల్ల కన్వెన్షన్ సెంటర్ ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా, ఏటా లోటు ఎంత, దానిని ఏ పద్దు నుంచి భరిస్తారు, అందువల్ల ఏ వార్డులో ఏ పని ఆగుతుంది అన్నది శంకుస్థాపనకు ముందే నివేదికలో రాసి కౌన్సిల్ ముందుంచాలి.